షయల్తీయేలు ఇంటి బిడ్డ

నాయనను మట్టిలో పెట్టిన రోజు మా చర్చి సంఘ పెద్ద సమాధి దగ్గర నిలబడి నాలుగు మాటలు చెప్పాడు. మంచి మనిషి, రైల్వేలో ముప్పై ఆరేళ్ళు పట్టాల వెంట నడిచినవాడు, ఎవరితోనూ పేచీ పెట్టుకోనివాడు అని చెప్పి, చివర్లో "ఆయప్పకు సంతానం లేకపోయినా సంఘమే సంతానం అనుకోని బతికినాడు" అన్నాడు. నేను ఆయన ఎదురుగానే, గుప్పిట్లో మట్టితో నిలబడి ఉన్నాను. నలభై నాలుగేళ్ళు ఆ మనిషిని నాయనా అని పిలిచిన నోరు నాది. నా చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కరూ తల ఎత్తలేదు, ఒక్కరూ అదేంది అనలేదు. కోపంతో చెవులు మండిపోయాయి. అయినా ఆ పొద్దు నోరు తెరవలేదు. శవపెట్టె ముందర గొడవ పడితే నాయనకు నచ్చదు.

నేను బస్సు కండక్టర్ని, ఉండేది తిరుపతిలో. తిరుపతికీ చిత్తూరుకూ మధ్య, పాకాల మీదుగా, ఇరవై రెండేళ్ళుగా తిరుగుతున్నాను. డిపోలో నా నోటికి పేరుంది. "ముందుకు జరగండప్పా, లోపల పెండ్లిపందిరంత జాగా ఉండాది" అని నేను అరిస్తే డ్రైవరు కూడా సీట్లో ముందుకు జరుగుతాడని ఆటపట్టిస్తారు. అలాంటిదాన్ని ఆ ఒక్క మాటకు ఎందుకంతగా చితికిపోయానో తెలియాలంటే మా పల్లెలో జరిగే పేర్ల ఆదివారం గురించి తెలియాలి.

మా పల్లె పాకాలకు నాలుగు మైళ్ళు. కూలిపనికి పోయేవాళ్ళు, కట్టుబడి మేస్త్రీలు, నాయనలాంటి రైల్వే గ్యాంగ్‌మన్లు ఉండే పల్లె. చర్చిని మేము గుడి అనే అంటాం. డిసెంబరు మొదటి ఆదివారం ఆ గుడిలో ప్రసంగం ఉండదు. మత్తయి సువార్త మొదట్లో అబ్రాహాము నుంచి క్రీస్తు దాకా ఉన్న పేర్ల వరస మొత్తం అప్పజెప్తాం. పుస్తకం తెరవకూడదు. గుడి కట్టిన కాలంలో పల్లెలో నలభై చిల్లర ఇళ్ళు ఉండేవట, అప్పటి పెద్దలు ఇంటికో పేరు పంచి పెట్టారు. ఆ ఇంటి మనిషి లేచి తన పేరు చెప్పి, తర్వాతి పేరు గల ఇంటి మనిషి భుజం మీద చెయ్యి వేస్తాడు. ఆ చెయ్యి పడ్డాకే ఆ మనిషి లేవాలి. అలా చెయ్యి దాటుకుంటూ, దాటుకుంటూ యోసేపు దాకా పోతుంది. ఇంటి పెద్ద చనిపోతే ఆ పేరు కొడుక్కి వస్తుంది, కొడుకు లేకపోతే కూతురికి. భర్త పోయిన ఆడవాళ్ళు కూడా లేచేవాళ్ళు. కాబట్టి మాకు ఆడా మగా అనే పేచీ లేదు. రక్తం పేచీ ఒక్కటే.

రాజుల పేర్లు దొరికిన ఇళ్ళకు కొంచెం గీర ఉండేది. వేరుశనక్కాయలు పీకే కాలంలో "ఏమప్పా హిజ్కియా, ఈ పొద్దు కూలికి రాలేదే, కిరీటం బరువైందా?" అని ఎగతాళి చేసుకునేవాళ్ళు. మనష్షే చెడ్డ రాజు కదా, ఆ పేరు పడిన ఇంటి అవ్వ ప్రతి ఏడాదీ సణిగేది: "మా మామ ఆ పొద్దు ఆలిస్యంగా వచ్చినాడని ఇది మాకు అంటగట్టినారు." మా ఇంటి పేరు షయల్తీయేలు. బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన రాజు యెకొన్యా కొడుకు. రాజవంశమే గానీ కూర్చోవడానికి సింహాసనం లేనివాడు. చిన్నప్పుడు నాకు ఆ పేరంటే చిరాకు, నోరు తిరిగేది కాదు. మా తర్వాతి పేరు జెరుబ్బాబెలు, అది సంఘ పెద్ద ఇంటిది.

నాలుగేళ్ళ పిల్లగా మా అమ్మ చెయ్యి పట్టుకొని ఈ పల్లెకు వచ్చాను. మా అమ్మది తడ పక్క ఊరు, మాటల్లో సగం అరవం ఉండేది. నన్ను కన్నవాడు మమ్మల్ని వదిలేసి ఎటో వెళ్ళిపోయాడు. ఆ మనిషి మొహం కూడా నాకు గుర్తు లేదు. నాయన మా అమ్మను పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళకు మళ్ళీ పిల్లలు పుట్టలేదు. పదేళ్ళ వయసులో ఒక పెళ్ళి విందులో, పిల్లలందరినీ ఇంటిపేరు చొప్పున వరసగా కూర్చోబెడుతుంటే, ఈ సంఘ పెద్దే నన్ను చూసి "అది ఎంటొచ్చిన బిడ్డ గదా, ఆ చివర కూర్చోబెట్టండి" అన్నాడు. వెంట వచ్చిన బిడ్డ. ఆ మాట అర్థం నాకు ఆ రోజే తెలిసింది. నాయన నన్ను లేపి, అంత పెద్ద పిల్లను భుజం మీద ఎక్కించుకొని, విందు తినకుండా ఇంటికి తీసుకొచ్చేశాడు. దారంతా సిగ్గుతో ఆయన జుట్టులో మొహం దాచుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నాలు ఆయన వాకిట్లో కూర్చొని వేరుశనక్కాయలు వలుస్తూ నాకు ఆ వరస నేర్పేవాడు. పేర్లు మాత్రమే నేర్పితే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. నేను ఊరికే ప్రశ్నలు వేసేదాన్ని, ఆయన విసుక్కునేవాడు కాదు. "దావీదు ఇల్లు అంటారే, అది యాడుంటాది నాయనా?" అని అడిగితే, "గోడలు కాదు పాపా అది. దావీదు దేవునికి ఇల్లు కట్టిస్తానన్న్యాడు. దేవుడేమో, నువ్వు నాకు కట్టేదేంది, నేనే నీకు ఇల్లు కడతా పో అన్న్యాడు. ఇల్లంటే మనుషులు. కొడుకు, ఆ కొడుక్కి కొడుకు. దానికి తలుపు ఉండదు" అన్నాడు. తలుపు లేని ఇల్లు అనేది నాకు బాగా నచ్చింది. మా ఇంటికీ సరైన తలుపు ఉండేది కాదు ఆ రోజుల్లో.

ఇంకోసారి యెష్షయి మొద్దు నుంచి చిగురు పుడుతుందన్న మాట దగ్గర ఆగిపోయాను. దావీదు అంత గొప్ప రాజు కదా, ఆయన పేరు చెప్పకుండా ఆయన నాయన పేరు ఎందుకు చెప్పారని నా సందేహం. నాయన చేతిలో కాయలు కింద పెట్టి చాలాసేపు ఆలోచించాడు. "దావీదు అంటే కిరీటం గుర్తొస్తాది. యెష్షయి అంటే గొర్రెలోళ్ళ ఇల్లు. ఆ చెట్టును కొట్టేసినారు, మొద్దే మిగిలింది. మళ్ళా రాజు రావల్లంటే గొర్రెలోళ్ళ ఇంటికాడ్నుంచే మొదలుపెట్టల్లని దేవుడు అనుకున్న్యాడేమో" అన్నాడు. గ్యాంగ్‌మన్ మాటలవి. ఏడో తరగతి మించి చదవలేదు.

క్రీస్తును దావీదు కుమారుడా అని దారి పక్కన గుడ్డివాడు కేక పెట్టి పిలిచే చోటు ఆయనకు చాలా ఇష్టం. దావీదు పోయిన దగ్గర దగ్గర వెయ్యేళ్ళకు పుట్టినవాణ్ణి పట్టుకొని కుమారుడా అంటాడు ఆ బిచ్చగాడు. "అది చుట్టరికం కలుపుకునే మాట కాదు పాపా. నువ్వు రాజువి, బీదోళ్ళ మొర ఇనేది రాజు పని, నీ పని నువ్వు సెయ్యి అని అడగడం. అందుకే చుట్టూ ఉండేవాళ్ళకు భయమేసి ఊరుకోమన్న్యారు. వాడు ఊరుకోలేదు." నాకు నోరు ఎక్కువ అని ఎవరైనా నాయన దగ్గర ఫిర్యాదు చేస్తే ఈ గుడ్డివాణ్ణే అడ్డం వేసుకునేవాడు.

తిరుపతి బస్టాండులో గుండ్లు చేయించుకున్న భక్తులు బస్సెక్కి, అర్చన దగ్గర పంతులుగారు గోత్రం అడిగారనీ, తాము మరిచిపోయామనీ, ఊరికి ఫోన్ చేసి కనుక్కున్నామనీ చెప్పుకుంటూ ఉంటారు. టికెట్లు కొడుతూ వింటుంటాను. ఎవరి పిల్లవి అనే ప్రశ్న అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. నాకు దానికి జవాబు షయల్తీయేలు అనే పేరు ఒక్కటే. ఏడాదికి ఒకసారి నాయన లేచి ఆ పేరు చెప్తే, ఆయన వెనక చాప మీద కూర్చున్నదాన్ని నేను. ఆయన కూతుర్ని అనడానికి ఊరంతా ఎరిగిన రుజువు అదే.

నవంబరు వానల్లో నాయన జ్వరంతో మంచం ఎక్కి పదకొండో రోజు పోయాడు. పది రోజులు తిరగక ముందే చిన్నాయన ఫోన్ చేశాడు. నాయనకు సొంత తమ్ముడు ఆయన. "పేర్ల ఆదివారం మా వాడు లేస్తాడు లేమ్మా. సంఘ పెద్దాయన కూడా సరే అన్న్యాడు. నువ్వు డ్యూటీ సూసుకో, అంత దూరం ఎందుకు రావడం" అన్నాడు. అంత దూరమట! రోజుకు రెండుసార్లు ఆ పల్లె మలుపు మీదుగానే పోతున్నాను. "నేనుండంగా వాడెవడు చిన్నాయనా?" అన్నాను. "రక్తం అనేది ఒకటి ఉంటాది గదమ్మా" అని పెట్టేశాడు. ఆ రోజు బస్సులో చిల్లర అడిగిన ప్రతి మనిషి మీదా విరుచుకుపడ్డాను. పాపం, వాళ్ళేం చేశారు.

సెలవు రోజు నాయన బైబిలు ముందర వేసుకొని కూర్చున్నాను. పోట్లాడటానికి ఆధారం కావాలి నాకు. షయల్తీయేలు పేరు ఎక్కడెక్కడ వస్తుందో వెతుకుతూ పోయాను. దినవృత్తాంతముల మొదటి గ్రంథం దగ్గర ఒక పేజీ అంచు నల్లగా, నూనె పట్టి ఉంది. పుస్తకంలో ఇంకే పేజీ అలా లేదు. గ్రీజు పని చేసిన బొటనవేలు ఎన్ని వందలసార్లు ఆ చోటు పట్టుకుందో! అక్కడ దావీదు సంతానం వరస ఉంది. చదువుతూ పోతే నా చెయ్యి ఆగిపోయింది. జెరుబ్బాబెలు షయల్తీయేలు కొడుకని ఆ పేజీలో లేదు. పెదాయా కొడుకని ఉంది. పెదాయా షయల్తీయేలుకు తమ్ముడు. మత్తయి వరసలో షయల్తీయేలు ఇంటి బిడ్డగా లెక్కకెక్కినవాణ్ణి ఇక్కడ కన్నవాడు వేరే.

అంతటితో ఆగలేదు. యిర్మీయా దగ్గరికి పోయాను, నాయన చెప్పింది లీలగా గుర్తుంది. ఆ షయల్తీయేలు తండ్రి యెకొన్యాను సంతానం లేనివాడని రాసిపెట్టమని ప్రవక్త నోట వచ్చింది. అలా రాయించుకున్న మనిషికి మత్తయి వరసలో కొడుకున్నాడు, మనవడున్నాడు, చివరికి క్రీస్తే ఆ వరసలో వచ్చాడు. వాళ్ళెవరూ సింహాసనం ఎక్కరని దాని అర్థం, పిల్లలు లేరని కాదని నాయన అప్పట్లో చెప్పాడు. సమాధి దగ్గర విన్న మాట గుర్తొచ్చి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడ్చి, మొహం కడుక్కొని, బైబిలు సంచిలో పెట్టుకొని పల్లెకు బస్సెక్కాను.

సంఘ పెద్దకు ఎనభై దాటాయి. గుడి గోడలు కట్టినవాళ్ళలో ఆయనొక మేస్త్రీ. చూపు తగ్గింది. నాయనా ఆయనా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్ళు, నాకు మామ వరస. అరుగు మీద కూర్చొని ఉన్నాడు. కుశల ప్రశ్నలకు నాకు ఓపిక లేదు.

"మామా, ఒకటి సదువుతా, ఇను" అని ఆ పేజీ చదివాను. చదివి అడిగాను: "ఇప్పుడు సెప్పు. మీ ఇంటి పేరు జెరుబ్బాబెలు. ఆయప్పను కనింది పెదాయా. అయినా ఇన్నేండ్లు షయల్తీయేలు ఇంటి మనిషి చెయ్యి నీ భుజం మీద ఏయించుకున్న్యావు. రక్తమే లెక్కయితే నువ్వు కూడా నా మాదిరి ఎంటొచ్చినోడివే. నన్ను కూర్చోమంటే నువ్వూ కూర్చో."

ముసలాయన మీద అంత మాట అనకూడదు. అనేశాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. కండువాతో కళ్ళు తుడుచుకొని, "ఆ సంగతి నాకు తెల్సు పాపా" అన్నాడు. "మీ నాయన సూపించినాడు. ఈడే కూర్చోని. మీ యమ్మ పోయిన ఏడు."

మా అమ్మ పోయినప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. ముప్పై ఏళ్ళ కిందటి మాట. నాయన నాకెప్పుడూ చెప్పలేదు.

"ఏమన్న్యాడు?"

"నా తర్వాత ఈ పేరు నా బిడ్డ సెప్పల్ల, నువ్వు సరే అను బావా, అన్న్యాడు. షయల్తీయేలుకు సంతానం లేకుంటే తమ్ముడు అన్న పేరు నిలబెట్టినాడని పండితులు ఏమేమో అంటారంట. నాకు అవన్నీ తెలీవు బావా, రెండు పేజీలూ ఒగే అట్టలో ఉండాయి, దేన్నీ ఎవురూ సించెయ్యలేదు, నాకు అది సాలు, అన్న్యాడు."

"నువ్వేమన్న్యావు మామా?"

"ఏమీ అన్లేదు. లేసి లోపలికి పోతిని."

"మళ్ళా అడగలేదా?" అన్నాను.

"నోటితో అడగలేదు. డిసెంబరులో నా భుజం మీద చెయ్యి ఏస్తాడు గదా. ఏసినోడు ఎంటనే తీసెయ్యల్ల. తీసేవాడు కాదు. అందరికంటే రవ్వంత ఎక్కువసేపు పెట్టేవాడు. అదే అడిగేది. నాకు అర్థమయ్యేది. ముప్పై ఏండ్లు."

"మరి మట్టికాడ సంతానం లేదని ఎందుకన్న్యావు?"

"అలవాటైపోయిన మాట" అన్నాడు. క్షమించమనీ అనలేదు, సరే అనీ అనలేదు. నేను లేచి నిలబడ్డాక "ఆదివారం గుడికి రా" అన్నాడు. ఆ మాటను పట్టుకొని దేనికి రమ్మన్నాడో అని వారం రోజులు కొట్టుకున్నాను.

ఆదివారం గుడికి పోయేసరికి చిన్నాయన కొడుకు మా ఇంటి చోటులో, నాయన కూర్చునే చాప మీద కూర్చొని ఉన్నాడు. తిరుపతిలో ఒక లాడ్జిలో గుమాస్తా పని వాడికి. నన్ను చూసి తల దించుకున్నాడు. నేను వాడి వెనక కూర్చున్నాను, ఎప్పుడూ కూర్చునే చోటే. పక్కన జెరుబ్బాబెలు చాప మీద సంఘ పెద్ద.

వరస మొదలైంది. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. పేరు చెప్పడం, చెయ్యి పడటం, చాప చప్పుడు. యెష్షయి ఇంటి మనిషి ఈ ఏడు కర్ర పట్టుకొని లేచాడు. దావీదు, సొలొమోను. మనష్షే అవ్వ పోయింది, ఆమె కోడలు లేచి గొణక్కుండా చెప్పింది. యోషీయా. యెకొన్యా. యెకొన్యా ఇంటామె చెయ్యి మా తమ్ముడి భుజం మీద పడింది.

వాడు లేచాడు. ఒకసారి వాళ్ళ నాయన వైపు చూశాడు. "ఇది మా పెద్దనాయన పేరు. మా యక్క ఉండాది, ఆమె సెప్పల్ల" అని పక్కకు జరిగిపోయాడు.

నేను లేచి చాప మీదికి వచ్చాను. పేరు చెప్పాలి, అంతే. కిక్కిరిసిన బస్సులో చివరి సీటు దాకా వినిపించే గొంతు నాది. ఆ గొంతు రాలేదు. నోరు తెరిస్తే గాలి వస్తోంది, పేరు రావడం లేదు. చిన్నాయన వైపు నుంచి ఎవరో "తర్వాతి పేరు కానీండప్పా, ఎంతసేపు" అన్నారు. ఇంకెవరో కూడా అదే అన్నారు.

సంఘ పెద్ద కదలకుండా కూర్చున్నాడు. "షయల్తీయేలు లేకుండా నేను యాడ్నుంచి వస్తాను? ఆగండి" అన్నాడు. గుడి మొత్తం ఆగింది. ఆయన తన భుజం మీది కండువా తీసి ఒళ్ళో పెట్టుకొని, నా వైపు భుజం వంచాడు.

"షయల్తీయేలు" అన్నాను. చిన్న గొంతుతోనే వచ్చింది. ముందుకు వంగి ఆ భుజం మీద చెయ్యి వేశాను. ఎముక తగిలింది. తీసేయాలని తెలుసు. తీయలేదు. నాయన ఎంతసేపు పెట్టేవాడో అంతసేపు పెట్టాను.

ఆయన తల ఎత్తలేదు. "సరే బావా" అన్నాడు, నాకు మాత్రమే వినిపించేంత మెల్లగా. తర్వాత లేచి, గుడి అంతా వినేలా జెరుబ్బాబెలు అన్నాడు.